పై గట్టు కాకిలెక్కలు

"పిట్టల్ని లెక్కపెట్టడం కూడా ఒక ఉద్యోగమేనా అల్లుడూ! ఎన్నున్నారర్రా అని వాటినే అడిగితే అవే చెబుతాయి కదా," అని ఆ వేసవి మొదట్లో మా అత్తయ్య నన్ను ఆటపట్టించేది. నేనూ నవ్వేవాణ్ణి. వేసవి అయ్యేసరికి ఆ ఇంట్లో నవ్వు లేదు. ఆ పైన కొన్నాళ్ళకి ఆ ఇల్లే మాది కాకుండా పోయింది. రెండింటికీ కారణం నేనే.

మేముండేది కొండ మీద, పరిశోధన కేంద్రం వాళ్ళ క్వార్టర్స్‌లో. కొండంతా రక్షిత అడవి. అక్కడ పుల్ల విరవడానికి కూడా వీల్లేదు. చదువుకున్నవాళ్ళు వచ్చి చెట్లనీ పురుగుల్నీ పిట్టల్నీ ఏళ్ళ తరబడి చూసి రాసుకుంటారు. బడిపిల్లలు బస్సుల్లో వచ్చి చూసి నేర్చుకుని పోతారు. మా మామయ్య ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆ కొండకి కాపలాదారు. నా భార్య అక్కడి ఆఫీసులోనే కంప్యూటర్ పని చేసేది. ఆ చలికాలం మామయ్య మోకాలు వాచి డాక్టరు కొండెక్కొద్దనేసరికి, కేంద్రాన్ని నడిపే పెద్దమేడం "ఈ సీజన్‌కి పిట్టల పని ఎవరు చూస్తారు పెద్దాయనా?" అని అడిగింది. అప్పటికి నేను పనిచేసే ప్రెస్సు మూతబడి ఖాళీగా ఉన్నాను.

"మా అల్లుడున్నాడు కదమ్మా. నాకంటే ఓపిక, నాకంటే మంచి దస్తూరీ," అన్నాడు మామయ్య.

పని ఇదీ: కొండ కింది నుంచి పైదాకా చెట్లకి అరవై చెక్కపెట్టెలు కట్టి ఉంటాయి. అరచేతిలో పట్టేంత బూడిదరంగు పిట్టలు వాటిలో గూడు పెడతాయి. వారానికి రెండుసార్లు వెళ్ళి, మూత తీసి, కర్రకి కట్టిన చిన్న అద్దంతో లోపల చూసి, గుడ్లెన్ని, పిల్లలెన్ని, ఎన్ని బతికాయి, ఎన్ని పోయాయి అని రిజిస్టర్లో రాయాలి. ఎండలు ఏటేటా పెరుగుతుంటే పిట్టలు ఏం చేస్తున్నాయో తెలుసుకోవాలని పెద్దమేడం ఇరవయ్యేళ్ళుగా ఆ లెక్క రాయిస్తోంది. చివరి పద్దెనిమిది పెట్టెలూ పై గట్టు మీద ఉంటాయి. అక్కడికి పోవాలంటే గొలుసుబండ దాటాలి. రెండడుగుల వెడల్పు రాతి అంచు, ముప్పై అడుగుల నడక. ఒక పక్క కొండగోడకి ఇనప గొలుసు, ఇంకో పక్క ఏమీ లేదు. నడుముకి పట్టీ కట్టుకుని, దాని కొక్కెం గొలుసుకి తగిలించుకుని దాటాలి.

మొదటి రెండు వారాలు దాటాను. మూడో వారం మంచు కురిసిన పొద్దున, సరిగ్గా సగం దూరంలో, కాలు జారింది.

కొక్కెం పట్టింది కాబట్టి ఈ మాటలు చెబుతున్నాను. ఎంతసేపు వేలాడానో తెలీదు, నిమిషం కూడా ఉండదేమో. పైకి పాకి, అవతలికి కాదు, ఇవతలికే వచ్చి పడ్డాను. ఒక చెట్టుని కౌగిలించుకుని కూర్చున్నాను. ముప్పై మూడేళ్ళవాణ్ణి, ఏడ్చాను. ఎవరూ చూడలేదు కదా అని కళ్ళు తుడుచుకుని చుట్టూ చూసుకున్నాను కూడా.

ఇంటికొస్తే అత్తయ్య నా మోచెయ్యి చూసి "అదేంటా గీరుడు?" అంది.

"ముళ్ళకంప అత్తయ్యా."

మామయ్య మోకాలికి కాపడం పెట్టుకుంటూ తలెత్తాడు. "గొలుసు దగ్గర జారుడుగా ఉందా అల్లుడూ? మంచు పడితే ఆ బండ సబ్బులా ఉంటుంది. ఒక్కోరోజు నాకే గుండె దడదడలాడేది."

ఇప్పుడు తలుచుకుంటే అర్థమవుతుంది. తలుపు బార్లా తీసి, లోపలికి రమ్మన్నట్టుగా అడిగాడాయన. భయమేసింది మామయ్యా అని ఒక్క మాట అని ఉంటే సరిపోయేది. కానీ నా భార్య అక్కడే బట్టలు మడతపెడుతోంది. ప్రెస్సు పోయి మామగారింట్లో ఉంటున్న అల్లుడు, దొరికిన ఈ పని కూడా చెయ్యలేకపోయాడంటే?

"నాకేం దడ మామయ్యా! చక్కగా దాటాను," అన్నాను.

"చూశావటే," అన్నాడు మామయ్య అత్తయ్యతో, తనే దాటినంత గర్వంగా.

ఆ రోజు రిజిస్టర్లో పై గట్టు పేజీ ఖాళీగా ఉంది. దాటానని నోటితో అన్నాక ఖాళీ ఎలా వదులుతాను? అంతకుముందు వారం చూసినవాటికి ఒకటో రెండో గుడ్లు కలిపి రాసేశాను. ఈ ఒక్కసారికే అనుకున్నాను. తర్వాతిసారి బండ దాకా వెళ్ళి గొలుసు మీద చెయ్యి వేశాను. వేసిన చెయ్యి వెంటనే వెనక్కి తీసేసుకున్నాను. చెట్టు కింద రెండు గంటలు కూర్చుని, అవతలికి వెళ్ళి రావడానికి పట్టే సమయం గడిపి, పద్దెనిమిది పెట్టెలకీ కూర్చున్నచోటే లెక్కలు రాసి దిగాను. ఆ తర్వాత అదే అలవాటైంది.

అబద్ధానికి కూడా పనితనం వస్తుందని అప్పుడే తెలిసింది. అన్నీ బాగున్నాయని రాస్తే అనుమానం వస్తుందని నలభై తొమ్మిదో పెట్టెలో రెండు గుడ్లు చెడిపోయాయని రాశాను. యాభై రెండులో ఒక పిల్లని చంపేశాను. ఒకరోజు పక్కనున్న గడిలో "తల్లిపిట్ట నోట ఆకుపచ్చ పురుగుతో వచ్చి, నన్ను చూసి కొమ్మ మీదే ఆగిపోయింది" అని కూడా రాశాను. పెద్దమేడం అది చదివి ఎంత మురిసిపోయిందో! "చూడటం అంటే ఇదీ," అని విద్యార్థులకి క్లాసులో చదివి వినిపించిందట. నా భార్య సాయంత్రం ఇంటికొచ్చి ఆ సంగతి చెబుతుంటే ఆమె ముఖం వెలిగిపోయింది. నేను టీ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాను.

అన్నిటికంటే సాయంత్రాలు కష్టంగా ఉండేవి. రిజిస్టర్లో రెండు సంతకాలు కావాలి: 'చూసినవారు', 'సరిచూసినవారు'. రెండోది మామయ్యది. మోకాలి వల్ల పైకి వెళ్ళలేడు కాబట్టి అరుగు మీద కూర్చుని, కళ్ళజోడు పెట్టుకుని, ఒక్కో పెట్టె నంబరూ వేలితో చూపిస్తూ చదివేవాడు.

"నలభై ఏడులో నాలుగూ బతికాయా?"

"బతికాయి మామయ్యా."

"ఆ పెట్టె దక్షిణం వైపు తిప్పి కట్టింది నేనే. గాలి తగలదు. బతుకుతాయని అనుకున్నా."

మనవలు పుట్టినంత సంబరం. సంతకం పెట్టి, సిరా ఆరేదాకా ఊది మరీ ఇచ్చేవాడు.

ఐదో వారంలో పెద్దమేడం నన్ను ఆఫీసు వరండాలో ఆపింది. "కింది పెట్టెల్లో ఎర్రచీమలు ఎక్కువయ్యాయి కదా. గూళ్ళలో దూరి పిల్లల్ని బతకనివ్వడం లేదు. పై గట్టు మీద ఏమైనా కనిపించాయా?"

"లేవు మేడం."

"ఖచ్చితంగానా? ఎందుకంటే అంత ఎత్తుకి అవి ఎప్పుడూ రాలేదు. వస్తే అది చాలా పెద్ద విషయం. ఏ వారం వచ్చాయో మనకి తెలియాలి."

"ఒక్క చీమ కూడా లేదు మేడం."

"హమ్మయ్య. అయితే గ్రీజు పట్టీలు ఉన్నవన్నీ కిందే వాడేద్దాం." చీమలు ఎక్కకుండా చెట్టు మొదలుకి చుట్టే పట్టీలవి. పద్దెనిమిది చెట్లకి సరిపడా పట్టీలు పైకి పోవలసినవి నా నోటిమాట మీద కిందికి పోయాయి.

బడిపిల్లలు వచ్చింది పదో వారంలో. పన్నెండుమంది, తొమ్మిదో తరగతివాళ్ళు, వాళ్ళతో ఒక టీచరమ్మ. పై గట్టు మీద గూళ్ళు చూపిస్తానని పెద్దమేడం వాళ్ళకి మాటిచ్చిందట. నాకు ఆ సంగతి పొద్దున టీ తాగుతుంటే తెలిసింది. అప్పటికే మామయ్య చేతికర్ర పట్టుకుని గుమ్మంలో ఉన్నాడు.

"మీరెందుకు మామయ్యా, మోకాలు..."

"పోతే పోయింది మోకాలు. పది వారాలుగా కాగితం మీద చూస్తున్నా. ఈ ఒక్కసారి కళ్ళతో చూడనీ."

దారంతా నేను దేవుళ్ళందరికీ మొక్కుకుంటూ నడిచాను, వాన రావాలని. ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది.

గొలుసుబండ దగ్గర మామయ్య కర్ర పక్కన పెట్టి, పిల్లల నడుములకి పట్టీలు కట్టి, ఒక్కొక్కరినీ దాటించాడు. ఒక అమ్మాయి గొలుసు పట్టుకుని ఏడుపు ముఖంతో "తాతా, నాకు భయమేస్తోంది," అంది. "వెయ్యాలి కదా మరి! నాకూ వేస్తుంది. ఇదిగో, నా వేలు పట్టుకో, కిందికి చూడకు," అన్నాడాయన. ఆ పిల్ల పట్టుకుంది. దాటింది. అంతే. అంత చిన్న పని అది.

"ఇవతల కూడా ఒకరుండాలి కదా మేడం," అని నేను ఆగిపోయాను. పిల్లల వెనకాలే టీచరమ్మా పెద్దమేడమూ దాటారు.

అవతలి గట్టు నాకు బాగానే కనిపిస్తోంది. మాటలు కూడా వినిపిస్తున్నాయి. మామయ్య నలభై మూడో పెట్టె దగ్గరికి వెళ్ళి మూత తీశాడు. అద్దం పెట్టి చూశాడు. చూడవలసినదానికంటే ఎక్కువసేపే చూశాడు. మూత వేసేశాడు. నలభై నాలుగు తీశాడు. వేసేశాడు. నలభై ఏడు దగ్గర అద్దం కూడా పెట్టలేదు. చెయ్యి పెట్టి తడిమి, ఏదో తీసి, గుప్పిట మూసుకుని జేబులో వేసుకున్నాడు. మోచేతి దాకా దులుపుకున్నాడు. చీమలు.

పిల్లలు చుట్టూ మూగారు. "మాకు చూపించవా తాతా? పిట్టపిల్లలేవి?"

మామయ్య వాళ్ళ వైపు తిరిగాడు. "ఎగిరిపోయాయమ్మా," అన్నాడు. "మనం రావడం ఆలస్యమైంది. అన్నీ పెద్దవై ఎగిరిపోయాయి."

పిల్లలు నిరాశగా ఓ అన్నారు. పక్కనే ఉన్న పెద్దమేడం ఆయన ముఖంలోకి చూసింది. మూడు రోజుల కిందటే నలభై ఏడులో రెండోసారి పెట్టిన గుడ్లలోంచి నాలుగు పిల్లలు బయటికొచ్చాయని రాసి ఉంది నా దస్తూరీలో. మూడు రోజుల పిల్లలు ఎగరవని ఆవిడకి తెలుసు, ఆయనకి ఇంకా బాగా తెలుసు. ఇరవై ఎనిమిదేళ్ళలో ఆ మనిషి పిల్లలకి ఒక చెట్టు పేరు కూడా తప్పు చెప్పి ఎరగడు.

అప్పుడు మామయ్య గట్టు మీద నుంచి నా వైపు చూశాడు. కోపంగా కాదు. ముందు నన్ను చూశాడు, తర్వాత గొలుసుని చూశాడు, మళ్ళీ నన్ను చూశాడు. అర్థమైపోయింది ఆయనకి.

సాయంత్రం ఆఫీసులో పెద్దమేడం రిజిస్టరు బల్ల మీద పెట్టింది. నా భార్య కంప్యూటర్ ముందు ఉంది. మామయ్య నిలబడ్డాడు. నేను గుమ్మం దగ్గర.

"ఈ సంతకం మీదేనా పెద్దాయనా?"

"నాదేనమ్మా."

"చూడకుండా పెట్టారా?"

"చూడకుండానే పెట్టాను."

"మరి ఈ అంకెలు?"

మామయ్య గొంతు సవరించుకున్నాడు. "నేను చెప్పినట్టు అబ్బాయి రాశాడమ్మా. ఇన్నేళ్ళు చూసినవాణ్ణి కదా, ఇలాగే ఉంటాయిలే అనుకున్నా. మోకాలు బాలేదు. ఒళ్ళు బద్ధకం."

కీబోర్డు చప్పుడు ఆగిపోయింది. ఇప్పుడు నోరు తెరవాలి అని నాకు తెలుసు. పెద్దమేడం నా వైపు చూసి కాసేపు ఆగింది కూడా. నేను చెప్పుల వైపు చూస్తూ నిలబడ్డాను. ఆ నిలబడటం ఉందే, పై గట్టు మీద చచ్చిన పిట్టలన్నిటికంటే అదే నన్ను ఎక్కువ తింటుంది.

మర్నాడు మామయ్య తాళాలగుత్తి తీసుకెళ్ళి పెద్దమేడం బల్ల మీద పెట్టి వచ్చేశాడు. ఎవరూ పొమ్మనలేదు. క్వార్టర్స్ ఆయన ఉద్యోగానివి కాబట్టి ఇల్లు ఖాళీ చెయ్యాలి. అత్తయ్య సామాన్లు కట్టడం మొదలుపెట్టింది. నాతో మాట్లాడటం మానలేదు, అదే బాధ. "భోంచెయ్యి నాయనా," అనేది. ఆటపట్టించడం మాత్రం మానేసింది.

నాలుగో రోజు నా భార్య గిన్నెలకి పాత పేపర్లు చుడుతూ, తలెత్తకుండా అడిగింది.

"నాన్న మీకు ఎప్పుడు చెప్పాడు, ఏ అంకె రాయాలో?"

నేను ట్రంకుపెట్టె మూత దించి గడియ పెట్టాను.

"రిజిస్టరు ఆయన చేతికొచ్చేసరికే నిండి ఉండేది. ప్రతిసారీ చూసేదాన్ని. నాన్న అడుగుతుంటే మీరు చెప్పేవారు. ఆయన చెప్పడం నేను ఒక్కరోజూ వినలేదు."

చెప్పేశాను. జారిన రోజు నుంచి మొదలుపెట్టి అన్నీ చెప్పాను. ఆమె ట్రంకుపెట్టె మీద కూర్చుండిపోయింది.

"భయమేసిందని నాకు చెప్పకూడదా?"

"నవ్వుతావనుకున్నాను."

ఆలోచించింది. "నవ్వేదాన్నేమో," అంది. "నవ్వితే నవ్వనివ్వాల్సింది." లేచి చేతులు దులుపుకుంది. "ఇది చెప్పాల్సింది నాకు కాదు. పదండి."

పెద్దమేడం నన్ను తిట్టలేదు. తిడుతుందని సిద్ధపడి వెళ్ళాను, తిట్లయితే దులుపుకోవచ్చు. కుర్చీ చూపించి, రిజిస్టరు తెరిచి, నా భార్యని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టింది. "తారీఖులవారీగా, పెట్టెలవారీగా చదువమ్మా. చూసింది ఏదో, చూడనిది ఏదో అతను చెబుతాడు. చూడనివి కొట్టేసెయ్."

మొదటి నాలుగు రోజుల లెక్కలూ నిజమే. అవి త్వరగా అయిపోయాయి.

"మూడో వారం, మొదటి రోజు. నలభై మూడో పెట్టె. మూడు గుడ్లు," అని చదివింది నా భార్య.

"చూడలేదు."

"నలభై నాలుగు. నాలుగు గుడ్లు."

"చూడలేదు."

పేజీ అయ్యేసరికి నేను తలూపడం మొదలుపెట్టాను. "తలూపితే కాదు, నోటితో చెప్పు," అంది పెద్దమేడం. చెప్పాను. పదిహేను రోజుల లెక్క, రోజుకి పద్దెనిమిది పెట్టెలు. ప్రతిదానికీ నా భార్య నా దస్తూరీని ఆఫీసు గొంతుతో పైకి చదివింది. ప్రతిదానికీ నేను చూడలేదని చెప్పాను. ప్రతిదాన్నీ ఆమె తుడిచేసింది. ఆకుపచ్చ పురుగు దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆమె గొంతు తడబడింది. ఇంటికొచ్చి మురిసిపోతూ చెప్పింది ఆమే కదా.

"ఇది కూడానా?" అంది పెద్దమేడం.

"అవును మేడం."

"నేనది క్లాసులో చదివాను," అంది. అప్పటిదాకా ఆవిడ నన్ను అన్న మాట అదొక్కటే.

అంతా అయ్యాక ఒకే ప్రశ్న అడిగింది. "రెండో వారం నిజంగా వెళ్ళావు కదా. అప్పుడు చీమలున్నాయా?"

"లేవు మేడం. అది నిజం."

"అంటే రెండో వారానికీ పదో వారానికీ మధ్య ఎప్పుడో వచ్చాయి." పెన్సిల్ బల్ల మీద పెట్టేసింది. "ఇరవయ్యేళ్ళుగా దీనికోసమే ఎదురుచూస్తున్నాను. ఖాళీగా వదిలినా బాగుండేది బాబూ. ఆ వారమే మనిషిని పంపించి ఉండేదాన్ని."

ఆవిడే మా ఇంటికి వచ్చి మామయ్యని ఉండిపొమ్మని అడిగింది. ఆయన ఒప్పుకోలేదు. "అల్లుడు చేసింది అల్లుడు చెప్పుకున్నాడు, సంతోషం. కానీ సంతకం నేనే పెట్టాను కదమ్మా," అన్నాడు. ఆ వారంలోనే ఆయనా అత్తయ్యా పట్నంలో మా బావమరిది ఇంటికి వెళ్ళిపోయారు. మేము కొండ కింద చిన్న వాటా అద్దెకి తీసుకున్నాం. పెద్దమేడం నన్ను తీసేయలేదు, కింది పెట్టెలు చూడమంది. గొలుసు అవతలివి నా భార్య చూస్తానంది. వారానికి రెండుసార్లు పొద్దున్నే నడుముకి పట్టీ బిగించుకుని ఆమె దాటుతుంటే నేను ఇవతల నిలబడి ఉండేవాణ్ణి.

వానలు మొదలయ్యాక నేనొక్కణ్ణే పట్నం వెళ్ళాను, మామయ్యని చూడటానికి. మూడో అంతస్తులో చిన్న గది, కిటికీ తీస్తే ఎదురింటి గోడ. దారి పొడుగునా కూడబలుక్కున్న క్షమాపణ అంతా ఆయన్ని చూడగానే నోట్లోనే ఆరిపోయింది. ఆయనే మోకాలి సంగతి చెప్పాడు, కొండ మీద వానల సంగతి అడిగాడు. అత్తయ్య టీ ఇచ్చి వెళ్ళాక, అలమరలోంచి తెల్లకాగితాలూ పెన్నూ తీసి నా ముందు పెట్టాడు.

"నా దస్తూరీ పిల్లలకి అర్థం కాదు. నువ్వు రాసిపెట్టు," అన్నాడు.

"ఎవరికి మామయ్యా?"

"ఆ రోజు వచ్చారే, ఆ పన్నెండుమందికి. బడి అడ్రసు మేడంగారిని అడిగి తెప్పించాను."

ఆయన చెప్పాడు, నేను రాశాను. 'పిల్లలూ, ఆ రోజు పిట్టలు ఎగిరిపోయాయని మీకు చెప్పాను. అది అబద్ధం. అవి చీమల వల్ల చచ్చిపోయాయి. మీరు నేర్చుకోవడానికి వచ్చారు, నేను మీకు తప్పు నేర్పించాను. ఎగిరిపోయాయని మీ పుస్తకాల్లో రాసుకుని ఉంటే దిద్దుకోండి. మీకు నిజం చెప్పనందుకు సిగ్గుపడుతున్నాను.' అంతే. అవి చచ్చిపోయే దాకా ఎవరికీ ఎందుకు తెలియలేదో, ఆ సంగతి లేదు. నా ఊసే లేదు.

కళ్ళజోడు పెట్టుకుని, పంక్తి పంక్తీ వేలితో చూపిస్తూ చదువుకుని, కింద సంతకం పెట్టాడు.

"మామయ్యా, దీని కింద నేను కూడా రెండు ముక్కలు రాస్తాను. తప్పు నాది కదా."

"వద్దు. ఇది నా ఉత్తరం," అన్నాడాయన కాగితం మడిచి. "నీది నువ్వు వేరే రాసుకో."

లేచి, గోడ పట్టుకుని నడుచుకుంటూ ముందు గదిలోకి వెళ్ళి కూర్చున్నాడు. నేను ఇంకో కాగితం తీసుకున్నాను. 'పిల్లలూ' అని రాశాను. తర్వాతి మాట రాలేదు. లేని గుడ్లకీ లేని పిల్లలకీ పేజీలకి పేజీలు నింపిన చెయ్యి అది. కొట్టేసి మళ్ళీ రాశాను, మళ్ళీ కొట్టేశాను. బయట వాన తగ్గింది. అత్తయ్య వచ్చి దీపం వేసి, ఏమీ అడక్కుండా వెళ్ళిపోయింది.

"అయిందా అల్లుడూ?" అని ముందు గదిలోంచి కేకేశాడు మామయ్య.

"ఇంకా లేదు మామయ్యా. ఆఖరి బస్సు దాటిపోతుందేమో..."

"పోతే పోనీ. పొద్దున వెళ్దువుగాని," అన్నాడాయన. "ఏమేవ్, అల్లుడికి కూడా పక్క వెయ్యి."